టైమ్‌షేర్ మెంబర్‌షిప్: నాలుగు లక్షలు కట్టి కొనేది ఏమిటి?

విశాఖలో మాల్‌కో ఎగ్జిబిషన్‌కో వెళ్లినవాళ్లలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు లక్కీ డ్రా కూపన్ నింపే ఉంటారు. పేరు, ఫోన్ నంబరు, పెళ్లయిందా, ఉద్యోగమా వ్యాపారమా, కారు ఉందా. వారం తిరక్కుండా ఫోన్ వస్తుంది. "కంగ్రాట్యులేషన్స్ సార్, మీ కూపన్ సెలెక్ట్ అయింది. ఆదివారం మేడమ్ గారిని కూడా తీసుకొచ్చి గిఫ్ట్ కలెక్ట్ చేసుకోండి." దంపతులిద్దరూ రావాలని షరతు ఎందుకంటే, "ఇంట్లో అడిగి చెప్తాను" అని లేచిపోయే వీలు ఉండకూడదని.

ఆ ఆదివారం హోటల్ హాల్లో గంటన్నర కూర్చుని, ఏటా కొన్ని రాత్రులు రిసార్టుల్లో ఉండే టైమ్‌షేర్ మెంబర్‌షిప్ కోసం మూడు నాలుగు లక్షల రూపాయల కాగితాల మీద సంతకం పెట్టి బయటకొచ్చేవాళ్లు ఉన్నారు. పదేళ్ల తర్వాత వాళ్లలో కొందరిని కదిపితే, "పిల్లల్ని దేశమంతా తిప్పాం, డబ్బు వసూలైంది" అంటారు. ఇంకొందరు ఆ మాట ఎత్తితేనే చిరాకు పడతారు. ఇద్దరూ సంతకం పెట్టింది ఒకే రకం కాగితం మీద. మరి తేడా ఎక్కడొచ్చింది? కంపెనీ మంచిదా చెడ్డదా అన్నది ఒక్కటే చూస్తే జవాబు దొరకదు. కొన్న వస్తువు ఎలాంటిదో, దాని లెక్క ఎలా నడుస్తుందో ముందు చూడాలి.

గది మనది కాదు, గది అడిగే హక్కు మనది

టైమ్‌షేర్ పద్ధతి 1960లలో యూరప్‌లో మొదలైంది. సెలవు ఇల్లు ఒకటి కొనుక్కునే స్తోమత లేనివాళ్లు పదిమంది కలిసి కొని, ఏడాదిలో వారాలు పంచుకోవడం అప్పటి ఆలోచన. అమెరికాలో అది పెద్ద వ్యాపారమైంది. ఒక ఊళ్లో కొన్న వారాన్ని ఇంకో ఊరి వారంతో మార్చుకునేందుకు 1974లో ఆర్‌సీఐ లాంటి ఎక్స్ఛేంజ్ సంస్థలు పుట్టాయి. మన దేశంలో 1986లో మొదలైన స్టెర్లింగ్, 1996లో వచ్చిన మహీంద్రా హాలిడేస్ ఈ రంగంలో బాగా తెలిసిన పేర్లు.

ఇందులో రెండు రకాలున్నాయి. అమెరికాలో చాలాకాలం నడిచింది యాజమాన్యపు రకం. వారానికో, గదిలో భాగానికో దస్తావేజు ఉంటుంది. చాలావాటికి కాలపరిమితి ఉండదు. భారత్‌లో ఎక్కువగా అమ్మేది వాడకపు హక్కు. పదేళ్లో, పాతికేళ్లో ఏడాదికి ఇన్ని రాత్రులు కంపెనీ రిసార్టుల్లో ఉండొచ్చునని ఒప్పందం. గడువు తీరాక చేతిలో ఏమీ మిగలదు.

ఎంవీపీ కాలనీలో ఫ్లాట్ కొంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్తాం, ఈసీ తీయిస్తాం, లింకు డాక్యుమెంట్లు లాయరుకి చూపిస్తాం. ఇక్కడ అవేవీ ఉండవు, ఎందుకంటే ఇక్కడ ఆస్తే లేదు. ఉన్నది ఒక సేవా ఒప్పందం. దాన్ని బ్యాంకులో తాకట్టు పెట్టలేం. ఊటీలో స్థలం రేటు పెరిగినంత మాత్రాన దీని విలువ పెరగదు. కంపెనీ దివాలా తీస్తే, ముందే డబ్బు కట్టి సేవ కోసం ఎదురుచూస్తున్నవాళ్లుగా తాకట్టు లేకుండా అప్పిచ్చినవాళ్ల వరుసలో నిలబడాలి. "మేం గోవాలో రూమ్ కొన్నాం" అని చుట్టాలకు చెప్పుకునేవాళ్లు పాతికేళ్ల సేవకు ముందస్తు చెల్లింపు చేశారన్నమాట.

ఇంకో గందరగోళం యూట్యూబ్ నుంచి వస్తోంది. "మీరు పోయాక మీ పిల్లల మీద పడుతుంది", "వదిలించుకోవడానికి లాయరుకి లక్షలు పొయ్యాలి" అంటూ తిరిగే వీడియోలు చాలావరకు అమెరికావాళ్ల గోడు. వాళ్ల దస్తావేజుకి గడువు లేదు కాబట్టి ఆ భయం వాళ్లకి ఉంటుంది. మన ఒప్పందాలకు ముగింపు తేదీ ఉంది. సభ్యుడు చనిపోతే నామినీ దాన్ని కొనసాగించుకునే వీలు సాధారణంగా ఉంటుంది. తండ్రి బాకీకి పిల్లలు తమకు సంక్రమించిన ఆస్తి మేరకే బాధ్యులు, సొంత జేబు నుంచి కట్టక్కర్లేదు. ఆ వీడియోలు చూసి పడే టెన్షన్‌లో సగం మనకు అక్కర్లేదు. మిగతా సగానికి కారణాలు వేరే ఉన్నాయి.

సీజన్ రంగులు, వేసవి సెలవులు

మెంబర్‌షిప్ ధరను రెండు విషయాలు తేలుస్తాయి. ఒకటి గది సైజు: స్టూడియో, ఒక బెడ్‌రూమ్, రెండు బెడ్‌రూమ్‌లు. రెండోది సీజన్. ఏడాదిని రద్దీని బట్టి మూడు నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకి ఒక్కో రంగో పేరో పెడతారు. పై సీజన్ కొన్నవాళ్లు కింది సీజన్‌లో కూడా వెళ్లొచ్చు. కింది సీజన్ కొన్నవాళ్లకి పై సీజన్ తలుపు తెరుచుకోదు, తెరుచుకున్నా అదనపు డబ్బు కట్టాలి. కొన్ని కంపెనీలు రాత్రులకు బదులు పాయింట్లు ఇస్తాయి. పేరు మారినా సూత్రం అదే: రద్దీ రోజుల్లో గదికి ఎక్కువ పాయింట్లు ఖర్చవుతాయి.

బడ్జెట్‌కి సరిపోతుందని మధ్య సీజన్ కొన్న ఒక టీచరమ్మ సంగతి చూద్దాం. ఆంధ్రా బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా. ఊటీ, కొడైకెనాల్, మున్నార్ లాంటి చల్లని ఊళ్లకు దేశమంతా ఎగబడేది సరిగ్గా అప్పుడే. ఆవిడకు సెలవు ఉన్నప్పుడు మెంబర్‌షిప్ చెల్లదు, మెంబర్‌షిప్ చెల్లేటప్పుడు సెలవు ఉండదు. కాగితం మీద ఏడాదికి ఏడు రాత్రులు ఉన్నాయి, క్యాలెండర్‌లో ఒక్కటీ లేదు.

పోనీ పై సీజన్ కొన్నారు. అయినా, "ఎప్పుడడిగినా ఖాళీ లేదంటారు" అన్నది మెంబర్ల నుంచి ఎక్కువగా వినిపించే ఫిర్యాదు. దీన్ని వెంటనే మోసం అనక్కర్లేదు, లెక్క వేసి చూడొచ్చు. ఒక రిసార్టులో 100 గదులున్నాయనుకుందాం. ఏడాదికి 52 వారాలు, అంటే 5,200 గది-వారాలు. రిపేర్లకు కొన్ని వదిలేసి కంపెనీ 4,500 మెంబర్‌షిప్పులు అమ్మింది. ఏడాది మొత్తం మీద అందరికీ చోటుంది, తప్పేమీ లేదు. కానీ మెంబర్లలో సగం మంది, అంటే 2,250 కుటుంబాలు బడి పిల్లలున్నవాళ్లు. వాళ్లకు కావలసింది వేసవిలో ఏడు వారాలు, దసరాకి ఒకటి, క్రిస్మస్‌కి ఒకటి, సంక్రాంతికి ఒకటి. పది వారాలకు ఉన్నవి 1,000 గది-వారాలు. మిగతా 1,250 కుటుంబాలకు "సారీ సార్, జులైలో ట్రై చెయ్యండి" అనే జవాబే దొరుకుతుంది. ఆర్టీసీ బస్‌పాస్ ఉంటే ఆఫీసు టైములో గాజువాక బస్సులో సీటు గ్యారంటీ కానట్టే ఇదీను.

కంపెనీలు దీనికి చెప్పే సమాధానంలోనూ న్యాయం ఉంది. రిసార్టు జులై వానల్లో ఖాళీగా ఉన్నా వంటవాళ్లకి, తోటమాలికి జీతాలు ఇవ్వాలి. అందరూ మే నెలే అడిగితే ఆ భారం ఎవరు మోస్తారు? అందుకే సీజన్ ధరలు, అందుకే నెలల ముందు బుకింగ్ తెరవడం. ముందుగా అడిగినవాళ్లకి గది దొరుకుతుంది, నిజమే. చిక్కంతా ముందుగా అడగగలిగేది ఎవరన్న దగ్గరే. షిఫ్టు డ్యూటీలు చేసే స్టీల్‌ప్లాంట్ ఉద్యోగి, సెలవు శాంక్షన్ కోసం చివరి వారం దాకా ఎదురుచూసే బ్యాంకు ఉద్యోగి, నేవీలో పనిచేసేవాళ్లు నాలుగు నెలల ముందే తేదీ ఖాయం చేసుకోవడం కష్టం. రిటైరైన దంపతులకు, సొంత వ్యాపారం ఉన్నవాళ్లకు అది చిటికెలో పని.

రాత్రికి 2,286 రూపాయలా?

ఇక డబ్బు. ఇందులోని అంకెలు ఏ ఒక్క కంపెనీవీ కావు, లెక్క అర్థమయ్యేందుకు వేసుకున్నవి. మీ చేతిలో ఆఫర్ కాగితం ఉంటే దాని అంకెలు వీటి స్థానంలో పెట్టుకుని చూడొచ్చు.

పన్నులతో కలిపి మెంబర్‌షిప్ 4,00,000 రూపాయలు. పాతికేళ్లు, ఏడాదికి ఏడు రాత్రులు. హాల్లో బోర్డు మీద వేసే లెక్క ఇలా ఉంటుంది: 25 ఏళ్లు, 7 రాత్రులు, మొత్తం 175. నాలుగు లక్షల్ని 175తో భాగిస్తే రాత్రికి 2,286. "ఇవాళ మున్నార్‌లో మంచి రూమ్ ఎంత సార్? ఆరు వేలు. మరి?" అంటారు. ఆ క్షణంలో జవాబు తోచదు.

ఆ బోర్డు మీద లేనిది వార్షిక రుసుము. ఏఎస్‌ఎఫ్ అనో, మెయింటెనెన్స్ అనో పిలుస్తారు. వెళ్లినా వెళ్లకపోయినా ఏటా కట్టాల్సిందే. దీనిపై 18 శాతం జీఎస్‌టీ ఉంటుంది. మొదటి ఏడాది అన్నీ కలిపి 20,000 అనుకుందాం. ఏడు రాత్రులకు పంచితే రాత్రికి 2,857. ఇప్పుడు రాత్రి ఖర్చు 5,143 అయింది.

ఈ రుసుము ఏటా పెరుగుతుంది. ఏడాదికి 6 శాతం చొప్పున పెరిగితే 25వ ఏట కట్టాల్సింది దాదాపు 81,000. పాతికేళ్లలో మొత్తం రుసుములు దాదాపు 11 లక్షలు, అంటే మెంబర్‌షిప్ ధరకు దగ్గర దగ్గర మూడింతలు. కొన్నవాళ్లలో ఎక్కువమంది "ఇది ముందే తెలిసి ఉంటే" అనేది ఈ అంకె గురించే. ఒప్పందంలో పెరుగుదలకు పై హద్దు రాసి ఉందా, ధరల సూచీకి ముడిపెట్టారా, "కంపెనీ నిర్ణయించిన ప్రకారం" అని వదిలేశారా అన్నది ధర కన్నా ముఖ్యమైన వాక్యం.

అయితే 11 లక్షలు అనగానే బెదిరిపోవడం కూడా సరైన లెక్క కాదు. హోటల్ గది కూడా ఆరు వేల దగ్గరే ఆగిపోదు. అదీ ఏటా 6 శాతం పెరిగితే 25వ ఏట రాత్రికి 24,000 దాటుతుంది. టైమ్‌షేర్ అమ్మేవాళ్ల వాదనలో బలమైనది ఇదే, కొట్టిపారేయడానికి వీల్లేదు. మరోపక్క నాలుగు లక్షలు ఊరికే రాలేదు. 7 శాతం వడ్డీకి డిపాజిట్ చేస్తే ఏటా 28,000 వచ్చేవి, అసలు అలాగే ఉండేది. రెండు వైపులా చూడాలంటే ఏటా మిగిలే డబ్బును, అంటే హోటల్‌కి కట్టాల్సి వచ్చేదాంట్లోంచి వార్షిక రుసుము తీసేసిన మొత్తాన్ని, ఆ 7 శాతం వడ్డీ లెక్కన ఇవాళ్టి విలువకు కుదించి నాలుగు లక్షలతో పోల్చాలి.

ఏటా తప్పకుండా ఏడు రాత్రులూ వాడితే, ఆరు వేల గదికి ఏడాదికి 42,000. రుసుము పోను మొదటి ఏడాది మిగులు 22,000, తర్వాత అదీ పెరుగుతూ పోతుంది. పాతికేళ్ల మిగులు ఇవాళ్టి విలువలో దాదాపు 4.60 లక్షలు. నాలుగు లక్షలు పెట్టి 60,000 లాభపడ్డారు. ఆరు రాత్రులే వాడితే ఆ విలువ 3.35 లక్షలు, అంటే 65,000 నష్టం. నాలుగు రాత్రులే వాడితే వచ్చేది దాదాపు 84,000 మాత్రమే, మూడు లక్షల పైచిలుకు పోయినట్టు. లాభనష్టాలు సమానమయ్యే గీత దాదాపు ఆరున్నర రాత్రుల దగ్గర ఉంది. అదీ ఒక్క ఏడాది కాదు, పాతికేళ్లూ.

పాతికేళ్లు అంటే ఇంట్లో ఎన్ని జరుగుతాయి? పిల్ల పదో తరగతి, ఇంటర్, ఈఏపీసెట్ కోచింగ్, అత్తగారి మోకాలి ఆపరేషన్, ట్రాన్స్‌ఫర్, పెళ్లి, అమెరికాలో కాన్పు. కరోనా లాంటిది ఒకటి వస్తే చెప్పనే అక్కర్లేదు. వాడని రాత్రుల్ని తర్వాతి ఏడాదికి జమ వేసుకునే వీలు చాలా ఒప్పందాల్లో ఉంటుంది కానీ దానికీ హద్దు ఉంటుంది. పైగా జమ అయిన పద్నాలుగు రాత్రుల్ని వాడాలంటే అన్ని సెలవులు మళ్లీ మనమే సంపాదించుకోవాలి.

అలవాటుగా దిగే గది ధర

పై లెక్కలో చాలామంది పట్టించుకోని అంకె ఆ ఆరు వేలు. ప్రెజెంటేషన్‌లో పోల్చేది రిసార్టు తరగతి గదితో. మీరు మెంబర్‌షిప్ లేకపోతే నిజంగా దిగేది ఎక్కడ?

ఏటా రాత్రికి 9,000 పెట్టి రిసార్టులోనే దిగే అలవాటున్న కుటుంబానికి ఏడు రాత్రుల మిగులు 43,000. అది ఇవాళ్టి విలువలో దాదాపు 9 లక్షలు. నాలుగు లక్షలకు అది మంచి బేరం, వాళ్లు సంతోషంగా ఉండటంలో ఆశ్చర్యం లేదు. అరకు వెళ్తే మూడు వేల గదిలో సర్దుకునే కుటుంబానికి ఏడు రాత్రుల హోటల్ బిల్లు 21,000. వార్షిక రుసుమే 20,000. వాళ్లకి ఏటా మిగిలేది వెయ్యి రూపాయలు, దానికోసం కట్టింది నాలుగు లక్షలు. అదే కంపెనీ, అదే కాగితం, అదే సీజన్. అందుకే మెంబర్ల అభిప్రాయాలు అంత గట్టిగా రెండు వైపులా ఉంటాయి. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు.

మూడు వేల గదిలో దిగేవాళ్లకి రిసార్టులో ఉండటం వల్ల సౌకర్యం పెరిగింది కదా అనొచ్చు. పెరిగింది. దాన్ని సుఖానికి పెట్టిన ఖర్చుగా చూస్తే ఏ గొడవా లేదు. పొదుపు అని చెప్పి అమ్మినప్పుడే పేచీ.

దీనికి తోడు విశాఖ నుంచి ప్రయాణ ఖర్చు ఉంది. నలుగురికి కొచ్చికో గోవాకో విమానం టిక్కెట్లు, సెలవుల్లో అయితే ఒక్కోసారి గది కన్నా ఎక్కువ అవుతాయి. రిసార్టు ఊరికి దూరంగా ఉంటే మూడు పూటలా తిండి అక్కడే. "ఎల్‌టీసీలో వచ్చేస్తుంది సార్" అనే మాట హాల్లో వినిపిస్తుంది. ఎల్‌టీసీ, అంటే ఉద్యోగులకిచ్చే సెలవు ప్రయాణ రాయితీ, వచ్చేది ప్రయాణ చార్జీలకే, బసకీ భోజనానికీ కాదు. ఆదాయపు పన్ను మినహాయింపు కూడా పాత పద్ధతిలో ఉన్నవాళ్లకే, అదీ ప్రయాణ ఖర్చుకే.

ఈఎంఐ కలిస్తే

నాలుగు లక్షలు ఒకేసారి కట్టేవాళ్లు తక్కువ. 40,000 ముందు కట్టి, మిగతా 3,60,000 నాలుగేళ్ల వాయిదాల మీద, 15 శాతం వడ్డీకి తీసుకున్నారనుకోండి. నెలకు దాదాపు 10,020. మొత్తం వడ్డీ 1.21 లక్షలు. వాయిదాలు నాలుగేళ్ల మీద కడతారు కాబట్టి ఇవాళ్టి విలువకు కుదిస్తే ఈ భారం కొంత తగ్గుతుంది. అయినా ఏడు రాత్రులూ వాడినప్పుడు వచ్చిన ఆ 60,000 లాభం దీంతో తుడిచిపెట్టుకుపోతుంది. ఒక్క రాత్రి కూడా వదలకుండా పాతికేళ్లు తిరిగినవాళ్లు కూడా దాదాపు సున్నా దగ్గర తేలతారు.

వడ్డీ కన్నా చిక్కైన సంగతి ఇంకొకటుంది. కంపెనీకే వాయిదాలు కడుతున్నారా, బ్యాంకో ఫైనాన్స్ కంపెనీయో అప్పిచ్చి కంపెనీకి మొత్తం చెల్లించేసిందా? రెండో రకమైతే అది వేరే ఒప్పందం. మెంబర్‌షిప్ మీద తగాదా నడుస్తోందని వాయిదా ఆపితే బ్యాంకు ఊరుకోదు, సిబిల్ స్కోరు పడిపోతుంది. రిసార్టు కంపెనీతో గొడవ రేపు ఇంటి లోనుకి అడ్డం రావొచ్చు.

హాల్లో మాట, కాగితంలో రాత

అమ్మకం జరిగే తీరు దాదాపు ప్రతిచోటా ఒకటే. మొదట ఒక కుర్రాడు వచ్చి ఇష్టమైన ఊళ్లు అడుగుతాడు. తర్వాత సీనియర్ వస్తాడు, ధర చెబుతాడు. వద్దంటే మేనేజర్ వచ్చి "మీ కోసం" తగ్గిస్తాడు. ఆ తగ్గింపు ఇవాళ ఒక్కరోజే. పక్క టేబుల్ దగ్గర ఎవరో కొన్నారని చప్పట్లు కొడతారు. పిల్లలు గేమ్స్ దగ్గర ఉంటారు. ఇదేమీ చట్టవిరుద్ధం కాదు. అయితే పాతికేళ్ల ఒప్పందాన్ని గంటన్నరలో తేల్చమనే ఏర్పాటు ఎవరి అనుకూలం కోసమో చెప్పక్కర్లేదు.

అక్కడ చెప్పే మాటల్లో మూడు పదేపదే తగాదాలకు దారితీస్తాయి. "ఫారిన్‌లో కూడా ఫ్రీగా ఉండొచ్చు" అంటారు. ఎక్స్ఛేంజ్ సంస్థ సభ్యత్వం వేరు, ప్రతి మార్పిడికీ ఫీజు వేరు, అవతలి ఊళ్లో ఖాళీ ఉండాలి. "వద్దనుకుంటే ఎప్పుడైనా అమ్మేసుకోవచ్చు" అంటారు. బదిలీకి కంపెనీ అనుమతి, ఫీజు ఉంటాయి. అన్నిటికన్నా ముందు, కొనేవాడు దొరకాలి. "వెళ్లని ఏడాది మెయింటెనెన్స్ కట్టక్కర్లేదు" అని కూడా అంటారు. అలా ఉండే పథకాలు ఉండొచ్చు, అయితే అది కాగితంలో కనిపించాలి. చాలా ఒప్పందాల చివర్లో, "ఇందులో రాసినవి తప్ప నోటి హామీలకు కంపెనీ బాధ్యత లేదు" అనే వాక్యం ఉంటుంది. తగాదా వస్తే వినియోగదారుల కమిషన్ ముందు నోటి మాట నిరూపించడం అసాధ్యమేమీ కాదు. వాట్సాప్ మెసేజులు, ఈమెయిల్, సేల్స్ మనిషి చేత్తో రాసిచ్చిన కాగితం అక్కడ పనికొస్తాయి. ఏదీ లేనివాళ్లకే కష్టం.

ఇక "పెట్టుబడి" అనే మాట. వాడుకోకపోతే గడువు తర్వాత ఇంత డబ్బు తిరిగిస్తామనే పథకాలు వేరే జాతి. ముంబయికి చెందిన పాన్‌కార్డ్ క్లబ్స్ అనే సంస్థ హోటల్ రాత్రుల పేరుతో 50 లక్షలమందికి పైగా జనం నుంచి 7,000 కోట్ల రూపాయలకు పైగా సేకరించింది. ఇది టైమ్‌షేర్ కాదు, అనుమతి లేని సామూహిక పెట్టుబడి పథకమని మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2014లో అడ్డుకట్ట వేసి, 2016లో డబ్బు వాపసు ఇమ్మని ఆదేశించింది. డబ్బు పెట్టినవాళ్లకి ఏళ్ల తరబడి ఎదురుచూపే మిగిలింది. టైమ్‌షేర్‌లో వచ్చే నష్టం వాడుకోకపోవడం వల్ల వచ్చేది. ఇలాంటి పథకాల్లో అసలుకే మోసం వస్తుంది. రెండింటినీ ఒకే గాటన కట్టి అన్నీ దగా అనడమూ, పెద్ద కంపెనీ ఒకటి సవ్యంగా నడుస్తోంది కాబట్టి ఇదీ అలాంటిదే అనుకోవడమూ పొరపాటే.

సంతకం పెట్టాక వెనక్కి తగ్గే వీలు

యూరోపియన్ యూనియన్‌లో 2008 నాటి ఆదేశం ప్రకారం టైమ్‌షేర్ కొన్నవాళ్లు 14 రోజుల్లోపు కారణం చెప్పకుండా రద్దు చేసుకోవచ్చు. ఆ గడువు తీరేదాకా కంపెనీ పైసా తీసుకోకూడదు. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం 10 రోజులు ఇస్తుంది. భారత్‌లో టైమ్‌షేర్ కోసం ప్రత్యేక చట్టం లేదు. వెనక్కి తగ్గే గడువు ఉందంటే అది ఒప్పందం ఇచ్చిందే. పేరున్న కంపెనీల్లో పది రోజుల గడువు ఇచ్చేవి ఉన్నాయి. అది డబ్బు కట్టిన రోజు నుంచా, కాగితాలు అందిన రోజు నుంచా అన్నది చదివి చూసుకోవాలి. కాగితాలు కొరియర్‌లో వచ్చేసరికి గడువు అయిపోయిందనే ఫిర్యాదులు ఇక్కడే పుడతాయి. రద్దు కోరేది ఫోన్‌లో అయితే తర్వాత నిరూపించడం కష్టం, ఈమెయిల్ సాక్ష్యంగా నిలుస్తుంది.

ప్రత్యేక చట్టం లేదంటే దిక్కులేదని కాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వర్తిస్తుంది. చెల్లించిన సొమ్ము 50 లక్షల దాకా ఉంటే జిల్లా కమిషన్‌కి వెళ్లొచ్చు, 5 లక్షల లోపయితే ఫీజు కూడా లేదు. సమస్య తలెత్తిన రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. ఒప్పందంలో "వివాదాలన్నీ ముంబయి కోర్టుల్లోనే" అని రాసి ఉన్నా, ఫిర్యాదుదారు నివసించే చోట కేసు వేసే హక్కు ఈ చట్టం ఇచ్చింది. కాబట్టి సీతమ్మధారలో ఉండేవాళ్లు విశాఖలోనే వేసుకోవచ్చు. గొడవని కోర్టు బయట మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలనే ఆర్బిట్రేషన్ షరతు ఉన్నంత మాత్రాన వినియోగదారుల కమిషన్ తలుపు మూసుకోదని సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో తేల్చింది. కేసు దాకా వెళ్లే ముందు 1915 నంబరుకి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు.

ఒక తేడా మాత్రం గుర్తుండాలి. చెప్పిన సేవ ఇవ్వకపోవడం, అబద్ధపు హామీతో అమ్మడం కమిషన్ వినే ఫిర్యాదులు. "లెక్క చూసుకుంటే నాకు గిట్టుబాటు కాలేదు" అన్నది ఫిర్యాదు కిందికి రాదు.

ఇప్పటికే మెంబర్ అయినవాళ్ల లెక్క వేరు

బయటపడాలని చూసేవాళ్లని వెతుక్కుంటూ వచ్చే ఫోన్లు కొన్ని ఉంటాయి. "సార్, మీ మెంబర్‌షిప్ ఐదు లక్షలకు కొనడానికి పార్టీ రెడీగా ఉంది. ఎన్‌ఓసీ చార్జీలు, జీఎస్‌టీ కలిపి ముప్పై వేలు ముందు పంపండి, అమౌంట్‌తో పాటు రీఫండ్ అవుతుంది." వాళ్ల దగ్గర మెంబర్‌షిప్ నంబరు, చేరిన ఏడాది కూడా ఉంటాయి, అందుకే నమ్మబుద్ధవుతుంది. కొనేవాడు నిజంగా ఉంటే తన డబ్బులోంచే ఆ చార్జీలు మినహాయించుకోవచ్చు, అమ్మేవాళ్లు ఎదురు కట్టాల్సిన పని లేదు. డబ్బు పంపేసినవాళ్లు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే ఆ సొమ్ము ఖాతాలు దాటకుండా ఆపే అవకాశం ఉంటుంది.

ఉన్న మెంబర్‌షిప్‌ని ఉంచుకోవాలా, సరెండర్ చేయాలా అనేదానికి కొనేటప్పటి లెక్క పనికిరాదు. కట్టిన నాలుగు లక్షలు ఎలా చేసినా వెనక్కి రావు, సరెండర్‌కి ఒప్పందం ఎంతో కొంత ఇస్తే తప్ప. ఇక మిగిలింది ఏటా కట్టే రుసుముకు ఎన్ని రాత్రులు వస్తాయన్నదే. 20,000 రుసుము, ఆరు వేల గది అయితే మూడున్నర రాత్రులు వాడితే చాలు, కట్టిన రుసుముకు గిట్టుబాటే. అంటే ఏటా నాలుగు రాత్రులు వాడే మనిషి కొనకుండా ఉండాల్సింది, కానీ కొన్నాక వదిలేయడం కూడా నష్టమే. కోపంతో రుసుము కట్టడం మానేసేవాళ్లు ఇక్కడ రెండోసారి నష్టపోతారు. బుకింగ్ ఆగిపోతుంది, ఒప్పందం ప్రకారం బకాయికి వడ్డీ పెరుగుతూ పోతుంది.

ఈ గీత కూడా కదులుతూ ఉంటుంది. హోటల్ ధర ఏటా 6 శాతం, రుసుము 10 శాతం పెరిగిందనుకుంటే, పదేళ్లకు రుసుము 51,900 దగ్గర, గది 10,700 దగ్గర ఉంటాయి. అప్పుడు గిట్టుబాటుకి దాదాపు ఐదు రాత్రులు కావాలి. పదిహేనేళ్లకు దాదాపు ఆరు. గత ఐదేళ్ల రుసుము బిల్లులు, అదే ఐదేళ్లలో వాడిన రాత్రులు పక్కపక్కన రాసుకుంటే, మీ మెంబర్‌షిప్ ఆ గీతకు ఏ వైపున ఉందో పావుగంటలో తెలిసిపోతుంది.